వి.కె. మూర్తి గురించి మాట్లాడితే 1962 దగ్గరే ఎందుకు ఆగిపోతాం?

వెలుగునీడ
ఎక్కడ చదివినా ఇదే వరస. కెమెరామన్ వి.కె. మూర్తి గారి గురించి రాసేవాళ్లు ప్యాసా, కాగజ్ కే ఫూల్, 1962 నాటి సాహిబ్ బీబీ ఔర్ గులామ్ అని మూడు పేర్లు చెప్పి, ఆ తర్వాత ఆ సినిమాలు తీసిన గురుదత్ పోయాడని ఒక్క ముక్క రాసి, అక్కడి నుంచి నేరుగా ఫాల్కే అవార్డుకి దూకేస్తారు. గురుదత్ పోయింది 1964 అక్టోబర్‌లో. మూర్తి గారికి ఇచ్చింది 2008 సంవత్సరపు ఫాల్కే. మధ్యలో నలభై ఏళ్లకు పైగా ఉంది కదా, అప్పుడాయన ఏం చేశాడు? జపాన్ వెళ్లి లవ్ ఇన్ టోక్యో తీశాడు, ధర్మేంద్రతో జుగ్ను తీశాడు, అన్నిటికన్నా ముఖ్యంగా 1988లో దూరదర్శన్ కోసం దేశ విభజన కథ తమస్, మన దేశ చరిత్ర చెప్పే సీరియల్ భారత్ ఏక్ ఖోజ్ రెండిటికీ కెమెరా పట్టాడు. అప్పటికి ఆయన వయసు అరవై దాటి నాలుగైదేళ్లయింది.

నా ఉద్దేశం సూటిగా చెప్తాను. టీవీకి చేసిన ఆ పని ఆయన కెరీర్‌లో దిగువ మెట్టు కాదు. ప్యాసాలో ఏ చేయి కనబడుతుందో తమస్‌లోనూ ఆ చేయే కనబడుతుంది. ఒప్పుకోనివాళ్లు కూడా రాయండి, కాకపోతే సినిమా చూసి రాయండి.

పాతరీలు
మంచి టాపిక్ పెట్టారు. ముందు ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను, తర్వాత మీ వాదనలోకి వద్దాం.

1923 నవంబర్ 26న మైసూరులో పుట్టాడు. కుర్రవయసులోనే సినిమా పిచ్చితో బొంబాయి వెళ్లి, పని దొరక్క వెనక్కి వచ్చాడు. స్వాతంత్ర్య పోరాటంలో దిగి జైలుకి కూడా వెళ్లాడు. వయొలిన్ వాయించేవాడు. బెంగుళూరులోని శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో సినిమాటోగ్రఫీ కోర్సు పెడితే అందులో చేరి 1946లో డిప్లొమా పట్టుకుని మళ్లీ బొంబాయి బండెక్కాడు. అప్పటికి మన దేశంలో కెమెరా పనిని తరగతి గదిలో కూర్చుని నేర్చుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు? మిగతావాళ్లంతా స్టూడియోల్లో కెమెరా పెట్టెలు మోస్తూ నేర్చుకున్నవాళ్లే. ఈయన రెండూ చేశాడు. డిప్లొమా చేతిలో ఉన్నా అసిస్టెంటుగా ఏళ్ల తరబడి పనిచేశాడు, ఫలీ మిస్త్రీ దగ్గర నేర్చుకున్నాడు. మిస్త్రీ అంటే ఆ రోజుల్లో బొంబాయిలో లైటింగ్‌కి పెద్ద పేరు.

మలుపు బాజీ సినిమాతో వచ్చింది, 1951. గురుదత్‌కి దర్శకుడిగా అదే మొదటి సినిమా. కెమెరామన్ వి. రాత్రా, మూర్తి అసిస్టెంటు. ఒక పాటలో మూర్తి ఒక షాట్ సూచించి, రాత్రా అనుమతి అడిగి తనే కెమెరా ఆపరేట్ చేశాడు. గురుదత్‌కి తెగ నచ్చేసింది, తర్వాతి సినిమా నువ్వే చెయ్యాలన్నాడు. అదే జాల్, 1952. అక్కడి నుంచి ఆర్ పార్, మిస్టర్ అండ్ మిసెస్ 55, సి.ఐ.డి., ప్యాసా, అలా పదేళ్లకు పైగా గురుదత్ కంపెనీ కెమెరా ఈయన చేతిలోనే ఉంది.

సెకండ్ యూనిట్
నేను కెమెరా డిపార్టుమెంటులోనే పనిచేస్తాను కాబట్టి పనివాడి వైపు నుంచి రాస్తాను.

కాగజ్ కే ఫూల్‌లో ‘వక్త్ నే కియా’ పాటలో పైనుంచి దిగే ఆ వెలుగు పట్టీ గురించి అందరూ అంటారు కానీ అది ఎందుకంత కష్టమో చెప్పరు. ఖాళీ స్టూడియో, చీకటి, పైకప్పు దగ్గర నుంచి ఏటవాలుగా ఒక కాంతి స్తంభం. గురుదత్‌కి అలాంటి పట్టీ కావాలి. పెద్ద ఆర్క్ లైటు వేస్తే రాదా అంటే, వస్తుంది, కానీ అది దీపం దగ్గర సన్నగా మొదలై కిందికి వచ్చేసరికి వెడల్పైపోతుంది. చూడగానే ఇది లైటు అని తెలిసిపోతుంది. సూర్యుడు మనకి అంత దూరంలో ఉండబట్టి ఎండ కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి, అంచులు కత్తిరించినట్టు నిటారుగా ఉంటాయి. మూర్తి గారు చేసిందేంటంటే బయట ఎండలో పెద్ద అద్దం పెట్టించి, ఆ ఎండని లోపల పైన పెట్టిన ఇంకో అద్దం మీదకి కొట్టించి, అక్కడి నుంచి కిందికి దించాడు. లోపల పొగ వేస్తేనే ఆ పట్టీ కంటికి ఆనుతుంది. చెప్పుకోవడానికి తేలికే. సూర్యుడు కదులుతూ ఉంటాడు కాబట్టి అద్దాన్నీ జరుపుతూ ఉండాలి, పొగ చెదిరిపోకముందే షాట్ అయిపోవాలి, నటులు సరిగ్గా ఆ గీత మీదకే రావాలి. ఏ ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే.

అదే పాటలో ఇద్దరూ దూరంగా నిలబడి ఉంటే వాళ్లలోంచి నీడల్లాంటి రూపాలు బయటికొచ్చి దగ్గరవుతాయి చూశారా? అప్పట్లో కంప్యూటర్ ఎక్కడిది. అది కూడా సినిమాస్కోప్‌లో.

కూకట్‌పల్లి కుర్రోడు
అన్నా ఒక డౌట్. సినిమాస్కోప్ అంటే వెడల్పు తెర అని తెలుసు. కాగజ్ కే ఫూల్ మన దేశంలో మొదటి స్కోప్ సినిమా అంటారు. కెమెరామన్‌కి దాని వల్ల కొత్త కష్టం ఏంటి? ఫ్రేమ్ పెద్దదైతే ఇంకా వీలు కదా, కావలసినన్ని పెట్టుకోవచ్చు.

సెకండ్ యూనిట్
తమ్ముడూ, అక్కడే చిక్కు. స్కోప్‌లో ఫిల్మ్ వెడల్పు పెరగదు. అనమార్ఫిక్ లెన్సు బొమ్మని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్మ్ మీద పడేస్తుంది, థియేటర్లో ప్రొజెక్టర్ లెన్సు దాన్ని మళ్లీ సాగదీస్తుంది. ఆ కాలపు అనమార్ఫిక్ లెన్సులు వెలుగు ఎక్కువ తాగేవి, ఫోకస్ పట్టడం కష్టం, ముఖం మరీ దగ్గరికి తీసుకుంటే బొమ్మ వెడల్పుగా ఉబ్బేది. గురుదత్ చూస్తే క్లోజప్ మనిషి. కళ్ల మీదే సినిమా నడిపిస్తాడు, అందుకోసం 75, 100 మిల్లీమీటర్ల లెన్సులు తెగ వాడించేవాడు. అలాంటి దర్శకుడు క్లోజప్‌కి పడని లెన్సు తీసుకొచ్చి, ఇందులో తియ్యి అన్నాడు. అప్పుడు మూర్తి గారు ముఖానికి దగ్గరగా వెళ్లే బదులు మనిషి చుట్టూ ఉన్న ఖాళీని వాడుకున్నాడు. ఆ సినిమాలో హీరో పాత్ర ఒక సినిమా దర్శకుడు, అతని ఒంటరితనం అంతా ఎక్కడుందంటే ఫ్రేమ్ చివర చిన్నగా నిలబడ్డ మనిషిలో, మిగతా ఫ్రేమంతా నిండిన చీకట్లో ఉంది.

తెలుగులో మొదటి స్కోప్ అల్లూరి సీతారామరాజు, 1974, వి.యస్.ఆర్. స్వామి గారు మొదలుపెట్టిన పని. అంటే బొంబాయిలో వచ్చిన పదిహేనేళ్లకి. దీన్ని బట్టి 1959లో అది ఎంత సాహసమో ఊహించుకో.

సినిమా మాత్రం ఆడలేదు. దెబ్బకి గురుదత్ మళ్లీ దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు. మూర్తి గారికి మాత్రం ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. డబ్బులు రాని సినిమాకి కెమెరా అవార్డు ఇవ్వడం అప్పట్లో మంచి పద్ధతే అనిపిస్తుంది నాకు.

ఏరువాక
వహీదా రెహమాన్ ప్రస్తావన రాలేదేంటి ఇంకా? మనకి ఈ కథలో ఉన్న సొంత వాటా అదే. రోజులు మారాయి, 1955, తాపీ చాణక్య గారి దర్శకత్వం, అందులో ‘ఏరువాక సాగారో’ పాటలో డాన్సు చేసిన అమ్మాయి. హైదరాబాద్ వచ్చిన గురుదత్ ఆ పాట రేపిన సంచలనం విని ఆమెను పిలిపించాడు. 1956లో సి.ఐ.డి., మరుసటి ఏడు ప్యాసా.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏరువాకలో ఆమెది పట్టపగలు వెలుగులో గెంతే ముఖం, అంతా కనబడుతుంది, అందంగానే ఉంటుంది. ప్యాసాలో ‘జానే క్యా తూనే కహీ’ దగ్గర రాత్రి వీధి, స్తంభాల మధ్య నడుస్తూ ఒకసారి చీకట్లోకి, ఒకసారి వెలుగులోకి వస్తుంది. కళ్లు కనబడ్డప్పుడు మనసు తెలుస్తుంది, కనబడనప్పుడు ఈమె ఎవరో అన్న ఆత్రం కలుగుతుంది. పాట సాగుతున్నంతసేపూ ఆ నడక వెంటే మనమూ వెళ్తాం. కొత్త నటికి అంత నమ్మకంగా లైటు వేసిన కెమెరామన్ ఉండబట్టే ఆమె అంత త్వరగా నిలదొక్కుకుందని నేను గట్టిగా నమ్ముతాను.

విజయవాడ బెంచీ క్లాసు
అన్నీ బాగానే ఉన్నాయి గానీ అసలు ప్రశ్నకి రండి. గురుదత్ పోయాక మూర్తి గారు చేసినవి మామూలు కమర్షియల్ సినిమాలే కదా. జిద్దీ, లవ్ ఇన్ టోక్యో, తుమ్‌సే అచ్ఛా కౌన్ హై, నయా జమానా, జుగ్ను. ప్రమోద్ చక్రవర్తి సినిమాలు. నేను ఇవి హాల్లో చూసినవాణ్ణి, సరదా సినిమాలు, పాటలు సూపర్, కానీ కెమెరా గురించి ఎవరైనా మాట్లాడారా? గొప్ప దర్శకుడు ఉంటేనే గొప్ప కెమెరామన్. దర్శకుడు లేకపోతే ఆయనా అందరిలాగే రంగురంగుల లైట్లు వేశాడు. 1962 దగ్గర ఆగితే తప్పేముంది? ఆయన బెస్ట్ అక్కడే ఉంది కాబట్టి ఆగుతాం.

వెలుగునీడ
బెంచీ క్లాసు గారూ, మీరు అన్నదాంట్లో సగం నిజం ఉంది, దాన్ని నేను కాదనను. గురుదత్ లాంటి దర్శకుడు మళ్లీ దొరకలేదు. కానీ రంగుల సినిమా అంటే ఆయనకి అలుసు అనుకోవద్దు. చౌదవీ కా చాంద్ గుర్తు చేసుకోండి. ఆ సినిమా చాలావరకు నలుపు తెలుపులో నారిమన్ ఇరానీ తీశాడు, రంగుల్లో తీసిన పాటల భాగం మూర్తి గారిది. అప్పటి కలర్ ఫిల్మ్‌కి విపరీతమైన వెలుగు పోయాలి. అంత వెలుగులో నీడలు దాచుకోవడం ఎలాగో నలుపు తెలుపు నుంచి వచ్చిన ప్రతివాడూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఈయనా నేర్చుకున్నాడు. పాకీజా కెమెరామన్ జోసెఫ్ విర్షింగ్ చనిపోయాక ఆ సినిమాలో కొంత పనికి కూడా మూర్తి గారిని పిలిచారు.

ఇంకో సంగతి. కెమెరామన్‌కి ఇల్లు గడవాలి. నిర్మాత హీరోయిన్ ముఖం వెలిగిపోవాలి, చీర రంగు కనబడాలి అంటే అదే చెయ్యాలి, చేశాడు. ప్రమోద్ చక్రవర్తి కూడా గురుదత్ బృందం నుంచి వచ్చినవాడే, 1958లో ఆయన తీసిన 12 ఓ క్లాక్‌కి కూడా మూర్తి గారిదే కెమెరా. అంటే నమ్మిన మనిషి దగ్గర పని చేశాడు. ఇందులో పడిపోవడం ఎక్కడుంది?

సాకియా
సాహిబ్ బీబీ ఔర్ గులామ్ గురించి ఒక్కటి చెప్పి వెళ్తాను. ‘సాకియా ఆజ్ ముఝే నీంద్ నహీఁ ఆయేగీ’ పాటలో మీనూ ముంతాజ్ ముందు నాట్యం చేస్తుంటే వెనక ఉన్న డాన్సర్ల ముఖాలు ఒక్కటీ కనబడవు. వాళ్లంతా నీడలు, కదిలే ఆకారాలు. ఆమె మీద మాత్రం వెలుగు. ఒకే చోట, ఒకే కదలికలో ఉన్నవాళ్లలో ఒకరికి వెలుగు, మిగతావాళ్లకి చీకటి ఎలా పడతాయి? ఎవరైనా ఒక అడుగు ముందుకేస్తే గుట్టు బయటపడుతుంది. ఆ పాటని ఫ్రేము ఫ్రేముగా ఆపి చూసిన కొద్దీ ఆశ్చర్యమే. మూర్తి గారికి రెండో ఫిల్మ్‌ఫేర్ ఈ సినిమాకే వచ్చింది.

తిరుమలగిరి రోడ్డు
ఇప్పుడు నేను చెప్పే లింకు హైదరాబాద్ వాళ్లందరూ తెలుసుకోవలసింది.

మూర్తి గారి దగ్గర చాలా ఏళ్లు అసిస్టెంటుగా ఉన్న కుర్రాడు గోవింద్ నిహలానీ. ఈయనా అదే బెంగుళూరు పాలిటెక్నిక్‌లో 1962లో పాసయ్యాడు. గురువు చదివిన బడిలోనే చదివి గురువు దగ్గరకే వచ్చాడన్నమాట. మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టి, ఉస్మానియాలో చదువుకున్న శ్యామ్ బెనెగల్ 1974లో అంకుర్ తీసినప్పుడు కెమెరామన్ ఈ నిహలానీయే. హైదరాబాద్ దగ్గర పల్లెలో, మన దక్కనీ మాటతో, మన ఎండలో తీసిన సినిమా. ఆ తర్వాత నిశాంత్, మంథన్, భూమిక, 1978లో వాణిశ్రీ నటించిన మన తెలుగు అనుగ్రహం కూడా. జునూన్‌కి నిహలానీకి జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత ఆయనే దర్శకుడై ఆక్రోశ్, అర్ధ్ సత్య తీశాడు.

బెనెగల్ గురుదత్‌కి వరసకి తమ్ముడు, వాళ్ల అమ్మమ్మ, ఈయన నానమ్మ అక్కచెల్లెళ్లు. కాబట్టి 1988లో ఏం జరిగిందో చూడండి. శిష్యుడు నిహలానీ తమస్ తీస్తూ గురువుని పిలిచాడు. గురుదత్ బంధువు బెనెగల్ భారత్ ఏక్ ఖోజ్ తీస్తూ అదే గురువుని పిలిచాడు. గౌరవానికి పిలిచి శాలువా కప్పి పంపించడం కాదు, 53 భాగాల సీరియల్ పని. ముసలాయన కదా అని జాలిపడి ఇచ్చే పని కాదది, నడుం విరిగే పని.

సెకండ్ యూనిట్
తిరుమలగిరి అన్నా, మీరు చెప్పినదానికి నేను కొనసాగింపు రాస్తాను, ఎందుకంటే వెలుగునీడ గారి అసలు వాదన ఇక్కడే తేలుతుంది.

టీవీకి తీయడమంటే సినిమాకి తీసినట్టు కాదు. 1988 నాటి టీవీ పెట్టెలు గుర్తున్నవాళ్లకి తెలుసు, చీకటి దృశ్యం వస్తే తెర మీద ఏమీ కనబడదు, బూడిదరంగు చుక్కలు తప్ప. హాల్లో నలుపులో కూడా పది రకాల నలుపులు చూపించవచ్చు, పెట్టెలో అవన్నీ ఒకే ముద్ద అయిపోతాయి. అందుకే టీవీవాళ్లు అన్ని వైపుల నుంచీ సమంగా వెలుగు కొట్టి వదిలేసేవారు. ఏ గదైనా ఒకటే, పగలైనా రాత్రైనా ఒకటే.

తమస్ మొదటి ఘట్టం చూడండి. నత్థూ, అంటే ఓం పురి, రాత్రిపూట ఒక పాకలో పందిని చంపడానికి తంటాలు పడుతుంటాడు. ఉన్నదల్లా దీపపు వెలుగు. మనిషి చెమట కనబడుతుంది, భయం కనబడుతుంది, గోడలు కనబడీ కనబడనట్టుంటాయి. చిన్న పెట్టెలో కూడా ఆ దృశ్యం నిలబడిందంటే కారణం ఒకటే, ఏది కనబడాలో దానికి సరిపడా వెలుగిచ్చి, కనబడనక్కర్లేనిదాన్ని ధైర్యంగా వదిలేశారు. సాకియా పాటలో డాన్సర్ల ముఖాలు వదిలేసింది కూడా ఇదే ధైర్యం.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోని విషయం. ప్యాసా ఫ్రేము దాదాపు చదరం, వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు. పాత టీవీ ఫ్రేము 1.33. రెండూ ఇంచుమించు ఒకటే! మధ్యలో ఆయన దేశంలోనే మొదటిసారి వెడల్పు తెర పట్టాడు, ఇరవై ఏళ్లకు పైగా రంగుల తెర చూశాడు, 1988లో మళ్లీ తన పాత చదరపు ఫ్రేములోకి వచ్చాడు. ముఖాన్ని ఎంత దగ్గరగా పెట్టాలి, తల మీద ఎంత ఖాళీ వదలాలి, ఇద్దరు మనుషుల్ని ఇరుకులో ఎలా నిలబెట్టాలి అన్నవి ఆయనకి కొత్త కాదు. యాభైల్లో చేతికి అలవాటైనవే. అప్పటి కుర్ర కెమెరామన్లకి టీవీ కొత్త, ఈయనకి కాదు.

కూకట్‌పల్లి కుర్రోడు
ఇది నిజంగా ఎక్కడా చదవలేదు అన్నా. సేవ్ చేసుకున్నా.

కరీంనగర్ యాంటెన్నా
భారత్ ఏక్ ఖోజ్ ఆదివారం పూట వచ్చేది. మా వీధిలో రెండు ఇళ్లలోనే టీవీ, మాది నలుపు తెలుపు. రంగుల్లో తీశారని తర్వాత తెలిసింది, కానీ మాకు ఏ లోటూ అనిపించలేదు, అన్నీ స్పష్టంగా తెలిసేవి. సెకండ్ యూనిట్ గారు చెప్పాక ఎందుకో అర్థమవుతోంది. రంగు తీసేసినా నిలబడే లైటింగ్ అది. మొదట్లో ఋగ్వేద సూక్తం మంద్రంగా వచ్చేది, ‘సృష్టి సే పహలే’ అని, వనరాజ్ భాటియా సంగీతం, ఇంట్లో అందరూ నిశ్శబ్దం. నెహ్రూగా రోషన్ సేఠ్. మా నాన్న చరిత్ర టీచరు, విజయనగరం, బహమనీల భాగాలు వచ్చినప్పుడు పక్కింటి పిల్లల్ని కూడా పిలిచి కూర్చోబెట్టేవారు.

ఇంకో మాట. ఆ సీరియల్‌కి కళాదర్శకుడు నితీశ్ రాయ్, తర్వాత మన రామోజీ ఫిల్మ్ సిటీ డిజైన్ చేసింది ఆయనే. వేదకాలం నుంచి బ్రిటిష్ కాలం దాకా సెట్లు వెయ్యాలి, డబ్బు చూస్తే దూరదర్శన్ డబ్బు. సెట్టు ఎంతవరకు ఉందో అంతవరకే వెలుగు, అది అయిపోయిన చోట చీకటి. కెమెరామన్, కళాదర్శకుడు మాట్లాడుకుని చేస్తే తప్ప అది కుదరదు.

విజయవాడ బెంచీ క్లాసు
తమస్ నిన్న రాత్రి కూర్చుని రెండు భాగాలు చూశాను. పాక దృశ్యం గురించి మీరు రాసింది కరెక్ట్. కానీ ఒకటి అడుగుతాను. అందులో నిహలానీ కూడా స్వయంగా కెమెరామన్. దర్శకుడికే లైటింగ్ తెలిసినప్పుడు మూర్తి గారి వాటా ఎంత, నిహలానీ వాటా ఎంత అని ఎలా చెప్తారు? నాకు అది దర్శకుడి సినిమాలాగే అనిపించింది. గురుదత్ దగ్గరా అంతే, దర్శకుడికి చూపు ఉంది.

వెలుగునీడ
వాటాలు కొలవలేం, కొలవనక్కర్లేదు కూడా. నిహలానీ ఆ చూపు ఎక్కడ నేర్చుకున్నాడు? మూర్తి గారి పక్కన నిలబడి. శిష్యుడి సినిమాలో గురువు పని చేస్తుంటే ఇది ఎవరిదని అడిగితే ఇద్దరిదీ అనే చెప్పాలి. మీరు ఆయన కమర్షియల్ సినిమాల్లో మార్కు లేదన్నారు, సరే. మరి దర్శకుడికి చూపున్న ప్రతిచోటా ఈయన పని వెలిగిందంటే, ఆ దర్శకులు ఏరికోరి ఈయన దగ్గరికే వచ్చారంటే, ఆ సంగతి కూడా లెక్కలోకి రావాలి కదా. గురుదత్, నిహలానీ, బెనెగల్, ముగ్గురూ ముప్ఫై ఏళ్ల తేడాలో ఒకే మనిషిని ఎంచుకున్నారు.

తమస్ ప్రసారం ఆపాలని కోర్టుకి వెళ్లారు, బొంబాయి హైకోర్టు, సుప్రీంకోర్టు రెండూ ప్రసారం చేయవచ్చన్నాయి. జాతీయ సమైక్యతకి ఇచ్చే నర్గీస్ దత్ అవార్డు, సురేఖా సిక్రీకి, వనరాజ్ భాటియాకి జాతీయ అవార్డులు వచ్చాయి. కెమెరాకి మాత్రం రాలేదు, ఆ బాధ నాకుంది.

పాతరీలు
అవార్డుల మాటొచ్చింది కాబట్టి. మూర్తి గారికి జాతీయ ఉత్తమ ఛాయాగ్రాహకుడు ఎందుకు రాలేదని చాలామంది కోప్పడతారు. అసలు ఆ విభాగమే 1967 సినిమాల నుంచి మొదలైంది. ప్యాసా 1957, కాగజ్ కే ఫూల్ 1959, సాహిబ్ బీబీ 1962. ఆయన గొప్ప నలుపు తెలుపు సినిమాలన్నీ అయిపోయాక ప్రభుత్వానికి కెమెరామన్ గుర్తొచ్చాడు. ఫిల్మ్‌ఫేర్ రెండూ లేకపోతే ఆ దశాబ్దానికి ఆయన పేరు మీద కాగితమే ఉండేది కాదు.

ఇక ఫాల్కే. 1969 నుంచి ఇస్తున్నారు. మనవాళ్లలో బి.ఎన్. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్, నాగిరెడ్డి, నాగేశ్వరరావు గార్లకి వచ్చింది. దర్శకులు, నటులు, నిర్మాతలు, గాయకులు. ఒక్క కెమెరామన్‌కి ఇవ్వడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 2008 సంవత్సరానికి మూర్తి గారికి ఇచ్చారు, తర్వాతి ఏడుకి మన రామానాయుడు గారికి. మూర్తి గారికి అప్పటికి ఎనభై ఆరేళ్లు. ఆయనకి ఇచ్చినందుకు సంతోషమే. కానీ సత్యజిత్ రే కెమెరామన్ సుబ్రత మిత్రా 2001లో పోయాడు, మన మాయాబజార్ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే ఇంకా ముందే పోయాడు, వాళ్లకి అందలేదు. కెమెరా పనిని ఇన్నేళ్లు సాంకేతిక పని అని పక్కన కూర్చోబెట్టారు, నాకు కోపం వచ్చేది అందుకే.

ఏరువాక
బార్ట్‌లే పేరు ఎత్తారు, అమ్మయ్య. ప్యాసా, మాయాబజార్ రెండూ 1957లోవే. ‘లాహిరి లాహిరి’ వెన్నెలకి మనమంతా ఊగిపోతాం. బార్ట్‌లే వెన్నెల చల్లగా పరుచుకుంటుంది, అందులో ఎవరికీ దుఃఖం ఉండదు. మూర్తి చీకట్లో మనిషి ఒంటరిగా ఉంటాడు. ఒకే ఏడాది, రెండు ఊళ్లు, ఇద్దరూ నలుపు తెలుపు వాళ్లే. ఎవరు గొప్ప అని కొట్టుకునేవాళ్లతో నేను రాను, నాకు ఇద్దరూ కావాలి.

సెకండ్ యూనిట్
పోలిక బాగుంది మేడమ్. ప్యాసా చివర్లో సభ దగ్గర తలుపులో చేతులు చాచి నిలబడ్డ గురుదత్‌ని గుర్తు చేసుకోండి. వెనక నుంచి వెలుగు, ముఖం చీకటి. హీరో ముఖం కనబడకపోతే ఏ నిర్మాత ఒప్పుకుంటాడు ఇవాళ? నేనే ఒకచోట అలాంటి షాట్ పెడితే మానిటర్ దగ్గర కూర్చున్నవాళ్లు ముఖం ఎక్కడ, ముఖం ఎక్కడ అని గోల. చివరికి ఒక లైటు వేయించారు, షాట్ చచ్చిపోయింది.

కూకట్‌పల్లి కుర్రోడు
నేను ఫిల్మ్ స్కూల్‌కి ట్రై చేస్తున్నా. మూర్తి గారివి ఏ వరసలో చూస్తే నేర్చుకోవడానికి బాగుంటుంది? ఫోన్లో చూడొచ్చా?

తిరుమలగిరి రోడ్డు
ఫోన్లో వద్దు తమ్ముడూ, చీకటి సగం పోతుంది. కనీసం గదిలో లైట్లు ఆర్పేసి పెద్ద టీవీ మీద చూడు. ఒక జాగ్రత్త, నెట్‌లో దొరికే కాగజ్ కే ఫూల్ కాపీల్లో కొన్ని పాత టీవీ కోసం రెండు పక్కలా కోసేసినవి. అలాంటిది చూస్తే ఆయన వదిలిన ఖాళీలే ఉండవు, చూడనట్టే లెక్క. తెర పైనా కిందా నల్లపట్టీలు వచ్చే కాపీనే వెతుక్కో.

వరస అడిగావు కదా. జాల్ వదిలేసినా పర్లేదు, సి.ఐ.డి.తో మొదలుపెట్టు, రాత్రి వీధులు, క్రైమ్ కథకి లైటింగ్ ఎలాగో తెలుస్తుంది. తర్వాత ప్యాసా. దాని వెంటనే తమస్ చూడు, మధ్యలో వేరేది పెట్టకు, సెకండ్ యూనిట్ అన్న చెప్పిన చదరపు ఫ్రేము సంగతి నీకే తెలుస్తుంది. ఆ తర్వాత కాగజ్ కే ఫూల్, సాహిబ్ బీబీ. వెనకే అంకుర్ పెట్టుకో, గురువు సెట్లో వెలుగు, శిష్యుడు ఆరుబయట వెలుగు, తేడా రాసుకో.

పాతరీలు
దానికి హూవు హణ్ణు కూడా కలుపుకోండి, 1993, రాజేంద్రసింగ్ బాబు దర్శకత్వం. సొంత భాష కన్నడలో మూర్తి గారు చేసిన సినిమా. జీవితమంతా బొంబాయిలో హిందీకి పనిచేసి డెబ్బైకి దగ్గరలో సొంత భాషలో తీశాడు. చివరి రోజుల్లో బెంగుళూరులో ఉన్నాడు, 2014 ఏప్రిల్ 7న అక్కడే పోయాడు.

విజయవాడ బెంచీ క్లాసు
తమస్ మిగతా భాగాలు ఈ ఆదివారం పూర్తి చేస్తాను. భారత్ ఏక్ ఖోజ్‌లో 53 ఉన్నాయి కదా, అన్నీ చూసే ఓపిక లేదు, కెమెరా కోసం ఏవి ముందు చూడాలో యాంటెన్నా గారు చెప్పాలి.

కరీంనగర్ యాంటెన్నా
మొదటి భాగం తప్పనిసరి. తర్వాత విజయనగరం, బహమనీల భాగాలు చూడండి, మన ప్రాంతం కాబట్టి తప్పొప్పులు మీకే తెలుస్తాయి. చూశాక ఇక్కడే రాయండి, అప్పుడు వాదించుకుందాం.